ముళ్లొచ్చిన కుంకుమ, కావలించుకున్న డాక్టరుగారు

ఒక పెద్ద అడవిలో, జంతువులన్నీ నీళ్లు తాగే వాగుకి అవతలి ఒడ్డున, ఒక సర్కారు ఆస్పత్రి ఉండేది. ఆ అడవిలో జబ్బులు తక్కువ, ఆస్పత్రికి బోర్డులు ఎక్కువ. ఆ ఏడు వానలు వెనకబట్టాక ఇంకో కొత్త బోర్డు వెలిసింది: "ఎదిగే పిల్లల తల్లిదండ్రుల చేయూత కేంద్రం".

ఆ బోర్డు సంగతి వినగానే అందరికంటే ముందు వాగు దాటింది సింగారమ్మ అనే ముళ్లపంది.

ఆమెకి ఒక్కగానొక్క కూతురు, పేరు కుంకుమ. మొన్నమొన్నటిదాకా తల్లి పొట్టకి అంటుకుని పడుకునేది. ఈమధ్యనే దాని వీపు మీద మెత్తటి ముళ్లు పోయి, పెద్దవాళ్ల ముళ్లు మొలిచాయి. అంతే, పిల్ల మారిపోయింది. బొరియలో ఓ మూలకి చేరి, మొహం గోడకి తిప్పుకుని కూర్చుంటుంది. పిలిస్తే పలకదు. దగ్గరికి వెళ్తే బుస్సుమని ముళ్లు లేపుతుంది. ఇష్టమైన చేమదుంప పెట్టినా వాసన చూసి వదిలేస్తుంది.

"అంతా నీ పెంపకమే," అని మొగుడు ఒక్కమాట అనేసి దుంపలు తవ్వడానికి పోయాడు. సింగారమ్మకి ఆ మాట తన ముళ్లకంటే లోతుగా దిగింది.

కేంద్రంలో ముందు సూపరింటెండెంటు భూషణం కనిపించాడు. ఆయన అడవిదున్న. కాగితం చూస్తే ఆయనకి పచ్చగడ్డి చూసినంత సంతోషం.

"ముందు ఫారం నింపమ్మా," అన్నాడు.

"అయ్యా, పిల్ల నాలుగు రోజులనించి సరిగా తినట్లేదు..."

"అది పదిహేడో ప్రశ్నలో వస్తుంది. ముందు ఒకటోది చెప్పు. పిల్ల పుట్టినప్పుడు గాలి ఏ దిక్కునించి వీచింది?"

ఫారం అయ్యేసరికి మధ్యాహ్నమైంది. అప్పుడు నిపుణుడి గదిలోకి పంపారు. ఆ నిపుణుడు డాక్టర్ శ్వేతాంబరం, కొంగ. కొంగల ఇళ్లలో పిల్లలు రెండు నెలలు తిరక్కుండానే రెక్కలొచ్చి ఎగిరిపోతారు. అందుకే ఎదిగే పిల్లల విషయంలో ఆయనకి అంత ధైర్యం.

ఆయన ఒంటికాలి మీద నిలబడి, కళ్లు మూసుకుని, "నువ్వు తల్లిలా ఉంటున్నావు. అదే జబ్బు. స్నేహితురాలిలా ఉండు. తర్వాతి వాళ్లు రండి," అన్నాడు.

సింగారమ్మ శ్రద్ధ గలది. ఇంటికి వెళ్లి చెవి వెనక మోదుగపువ్వు పెట్టుకుని, కూతురి పక్కన చతికిలబడి, "ఏంటే ఫ్రెండూ, సంగతులేంటి?" అంది. కుంకుమ ఆమెని ఎగాదిగా చూసి, ఉన్న మూలలోంచి ఇంకా చీకటి మూలలోకి జరిగింది.

వారం తర్వాత మళ్లీ వెళ్తే డాక్టరు, "ఛ ఛ, చనువు ఎక్కువిచ్చావు. కఠినంగా ఉండు," అన్నాడు. సింగారమ్మ కఠినంగా ఉంది. "తింటావా, తినవా?" అని నేల మీద కాలు దబ్బున కొట్టింది. ఆ రోజు కుంకుమ నీళ్లు కూడా ముట్టలేదు.

మూడోసారి తల్లి బతిమాలి, బుజ్జగించి పిల్లని కూడా వెంట తీసుకొచ్చింది. ఫారం మళ్లీ మొదటినించి నింపమన్నారు. వరస వాగుదాకా ఉంది. కుంకుమ అందరికీ దూరంగా ఒక రాయి చాటున ముడుచుకుంది. సింగారమ్మ వరసలో నిలబడి ఎంత ఆపుకున్నా కళ్లనీళ్లు ఆగలేదు.

పక్కనే బరువు చూసే గది. అందులో నర్సు మంగతాయి, గోరింక. లొడలొడా వాగుతుందని ఆస్పత్రిలో ఆమెకి పేరు. అందుకే ఆమెని రోగులతో మాట్లాడే పని కాకుండా, తూకం దగ్గర పెట్టారు.

మంగతాయి బయటికొచ్చి, "అక్కా, పొద్దున ఏమైనా తిన్నావా?" అని అడిగింది.

ఇన్ని రోజుల్లో ఆ ఆస్పత్రిలో సింగారమ్మని సింగారమ్మ గురించి అడిగింది ఆమె ఒక్కతే. అంతే, ముళ్లపంది బావురుమంది. మొగుడన్న మాట, మోదుగపువ్వు, కాలు దబ్బున కొట్టడం, అన్నీ చెప్పేసింది. వాగుడుకాయ అని పేరుపడ్డ గోరింక మధ్యలో ఒక్కమాట మాట్లాడితే ఒట్టు.

అంతా విన్నాక, "నీ పెంపకంలో లోపం నాకేం కనపడలేదక్కా. ముళ్లొచ్చే వయసు తల్లికీ పిల్లకీ ఇద్దరికీ కష్టమే," అంది. "పిల్లని నేను బరువు చూస్తాను. కానీ ఒక్కర్తినే లోపలికి పంపాలి. నువ్వు ఇక్కడే కూర్చో."

"నేను లేకుండానా? అది నోరు విప్పదు నర్సమ్మా."

"విప్పకపోతే బరువైనా తెలుస్తుంది కదా."

కుంకుమ లోపలికి వెళ్లి తక్కెడ ఎక్కింది. మంగతాయి బరువు చూసి, కాగితం మీద రాసుకుని, తలుపు వేసి వచ్చి దానికి ఎదురుగా కూర్చుంది.

"బాగా తగ్గావమ్మా. సరే, నువ్విక్కడ చెప్పేది నీ ప్రాణానికి ముప్పు తెచ్చే సంగతైతే తప్ప, నువ్వు ఒప్పుకోకుండా మీ అమ్మకి కూడా చెప్పను. నీకేం కష్టంగా ఉంది?"

కుంకుమ చాలాసేపు నేలకేసి చూసింది. గోరింక తొందరపెట్టలేదు. చివరికి పిల్ల నోరు విప్పింది.

"నేను చచ్చిపోతానేమో పిన్నీ."

"ఎందుకలా అనుకుంటున్నావు?"

"నా ముళ్లు ఊడిపోతున్నాయి. మొన్న రెండు ఊడాయి. ఎవరికీ తెలియకుండా ఆకుల కింద దాచాను." ఆ తర్వాత మాటలు వాగునీళ్లలా వచ్చాయి. "ఇంకోటి మా చేమంతికి గుచ్చుకుంది. చేమంతంటే కుందేలు, నా స్నేహితురాలు. ఆటలో పక్కకి తిరిగానంతే. రక్తం వచ్చింది. అందరూ నన్ను చూసి పారిపోయారు. అమ్మ దగ్గరికొస్తే అమ్మకీ గుచ్చుతానని భయం. దూరంగా ఉండమని చెప్పాలంటే మాట రాదు. ముళ్లు వాటంతటవే లేస్తాయి."

మంగతాయి పిల్లకి ఇంకాస్త దగ్గరగా జరిగింది. పిల్లకి కోపమని అడవంతా అనుకుంది. ఇది కోపం కాదు, ప్రేమే.

"ముందు ఒక సంగతి విను. ముళ్లపందులకి ముళ్లు ఊడతాయి, మళ్లీ మొలుస్తాయి. ఈ గదిలో రాలిన ముళ్లు నేను ఊడ్చి ఎత్తని రోజు లేదు. నువ్వు చావవు. రెండోది, ఇందులో మీ అమ్మకి ఏది చెప్పమంటావు, ఏది వద్దంటావు?"

కుంకుమ ఆలోచించింది. "చేమంతి సంగతి వద్దు. మిగతాది... మీరు పక్కనుంటే నేనే చెప్తాను."

తల్లిని లోపలికి పిలిచారు. కుంకుమ గోడ చూస్తూనే, "అమ్మా, నీకు గుచ్చుకుంటుందని దూరంగా ఉంటున్నా," అంది.

 సింగారమ్మ నెమ్మదిగా కూతురి మొహానికి ఎదురుగా వచ్చి, ముక్కుకి ముక్కు ఆనించింది.

"పిచ్చిదానా, ముళ్లన్నీ మనకి వెనక్కే ఉంటాయి. ఇక్కడ ఒక్కటీ లేదు చూడు. మా అమ్మా నేనూ ఇలాగే ముద్దాడుకునేవాళ్లం. నీకు చెప్పాలన్న ఊహే నాకు రాలేదు. నువ్వూ ముళ్లదానివయ్యావని నేనే ఇంకా నమ్మలేదు."

ఆ సాయంత్రం కుంకుమ రెండు చేమదుంపలు తిని, మూడోదానికి మారాం చేసింది. మంగతాయి మాత్రం వాళ్లు బయల్దేరేటప్పుడే, "ఏమీ లేకపోయినా ప్రతి మంగళవారం రండి. పిల్ల బరువు చూస్తాను, తల్లి మాట వింటాను," అని చెప్పి పంపింది. వాళ్లు తప్పకుండా వచ్చారు. నెల తిరిగేసరికి కుంకుమ బొద్దుగా అయింది. చేమంతి దగ్గరికి కూడా తనంతట తనే వెళ్లి క్షమించమని అడిగి, ఇంకా మానని దాని కాలికి పసరు రాసి వచ్చింది.

సరిగ్గా అప్పుడే పులిరాజు తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది. భూషణం హడావుడిగా ఫారాలన్నీ తిరగేశాడు. కేంద్రంలో నిండిన ఫారాలు గుట్టలుగా ఉన్నాయి గానీ, బాగుపడ్డ పిల్ల ఎవరని వెతికితే తేలింది కుంకుమ ఒక్కతే.

"అంతా నా సలహా ఫలితం. మొదటి సలహాదో రెండోదో పరిశోధన చెయ్యాలి," అన్నాడు డాక్టర్ శ్వేతాంబరం.

తల్లీకూతుళ్లని వేదిక ఎక్కమన్నారు. సింగారమ్మ కూతుర్ని అడిగి వచ్చి, "వస్తుందట అయ్యా. కానీ తనని అడక్కుండా ఎవరూ ముట్టుకోవద్దంది," అని చెప్పింది. భూషణం ఆ మాటని ఫారంలో "ఇతర వివరాలు" అన్న చోట శుభ్రంగా రాసుకున్నాడు. ఆ చోట రాసింది చదివినవాళ్లు ఆ అడవిలో ఇంతవరకు లేరు.

తనిఖీ రోజున పులిరాజు, పులిరాణి ముందు వరసలో కూర్చున్నారు. డప్పులు మోగాయి. అంత చప్పుడుకి కుంకుమ బెదిరి ముళ్లు లేపింది. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. పులిరాజు కనుబొమ్మ ముడిపడింది.

"ఏం భయం లేదు ప్రభూ!" అన్నాడు శ్వేతాంబరం. "పిల్లలకి కావలసింది ఆలింగనం. మా కేంద్రం పద్ధతి చూడండి!"

"డాక్టరుగారూ, వద్దు!" అని కుంకుమ, సింగారమ్మ, మంగతాయి ముగ్గురూ ఒక్కసారే అరిచారు. నిపుణులు మధ్యలో ఆగరు. ఆయన రెక్కలు బార్లా చాపి వెనకనించి పిల్లని గట్టిగా కావలించుకున్నాడు.

ఆ తర్వాత ఆయన వేసిన కేక విని వాగుకి ఇవతల ఉన్న కప్పలు కూడా నీళ్లలోకి దూకాయట.

డాక్టరుగారిని బరువు చూసే గదిలోనే బల్ల మీద పడుకోబెట్టారు. తెల్లటి రొమ్ము నిండా ముళ్లు. వెనకే పులిరాణి మెల్లగా లోపలికి జారుకుని, మంగతాయి చెవిలో, "అమ్మాయ్, మా పెద్దాడు నాతో మాట్లాడి రెండు నెలలైంది. నీ దగ్గరికి ఎప్పుడు రమ్మంటావు?" అని అడిగింది.

"మంగళవారం రండమ్మా. ఫారం అక్కర్లేదు. అబ్బాయిని కూడా తీసుకురండి, కాకపోతే లోపలికి వాడొక్కడే వస్తాడు."

ఈలోగా శ్వేతాంబరం నీరసంగా తల తిప్పి, తలవైపు నిలబడ్డ కుంకుమని చూశాడు. "అమ్మా, ఇవి... నొప్పి లేకుండా ఎలా తియ్యాలి?" అన్నాడు. ఆయన తన వృత్తిలో ఒక పిల్లని ప్రశ్న అడగడం అదే మొదలు.

కుంకుమ మొహం విప్పారింది. ముల్లు ఎటు వాలిందో ఎలా చూడాలో, ఎక్కడ పట్టుకోవాలో, ఎందుకు మెలితిప్పకూడదో, చేమంతి కాలికి తానేం పసరు రాసిందో, అన్నీ పూసగుచ్చినట్టు చెబుతూ కూర్చుంది. పొద్దు వాలిపోయినా మాట ఆపలేదు. డాక్టరుగారికి వినక తప్పలేదు, కదిలితే గుచ్చుకుంటుంది మరి.

నీతి: ఎదిగే పిల్లల్ని పొరపాటున కూడా ఏమీ అడగకండి, అడిగితే చెప్పేస్తారు, ఇక పాపం నిపుణులు ఎలా బతకాలి?