జీవమ్మ టూర్ ప్రోగ్రాం

సోమవారం పొద్దున పొయ్యి మీద ఇడ్లీలు ఇంకా ఉడకనే లేదు, బ్రిగేడియర్ కరుణాకర్ కాగితం, కలం పట్టుకుని ఆళ్ళగడ్డలోని తల్లి ఇంట్లో వంటింటి గడప మీద కూర్చున్నాడు. ఢిల్లీలో ఆయన రక్షణ మంత్రికి సైనిక సహాయకుడు. మంత్రి ఎన్నింటికి లేవాలి, ఏ విమానం ఎక్కాలి, ఎవరితో ఎంతసేపు మాట్లాడాలి, ఎక్కడ నోరు మూసుకోవాలి, అన్నీ ఆయన చేతి మీదుగా జరగాల్సిందే. అంతటి మంత్రిని నిమిషం తేడా రాకుండా నడిపించే మనిషికి, పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిది ఫిబ్రవరిలో దొరికిన పదిహేను రోజుల సెలవులో ఉన్నది ఒకే ఒక్క పని. తల్లి జీవమ్మను నంద్యాలకు తీసుకుపోయి కంటి ఆపరేషను చేయించాలి. మూడు రోజులు బతిమాలితే గానీ ఆమె ఒప్పుకోలేదు.

రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. ఇంకా ఆలస్యం చేస్తే ఉన్న కాస్త చూపు కూడా దక్కదని నంద్యాల కంటి డాక్టరు యేసుదాసు చెప్పేశారు. కానీ జీవమ్మ చిక్కు వేరే. చర్చిలో శుక్రవారం జరిగే స్త్రీల కూటంలో పాతికేళ్ళుగా బైబిలు చదివేది ఆమే. చూపు తగ్గాక కూడా పుస్తకం చేతిలో పట్టుకుని నోటికొచ్చిన కీర్తనలు అప్పజెబుతూ నెట్టుకొస్తోంది. ఆ సంగతి బయటపడితే తల ఎత్తుకోలేనని ఆమె బాధ.

"గుట్టుగా పోయి గుట్టుగా రావల్ల. సంఘంలో ఒక్కరికి తెలిసినా నేను ఎనక్కి వచ్చేస్తా. మళ్ళా నువ్వు కాళ్ళు పట్టుకున్యా ఇనను" అంది.

"ఒక్క పిట్టకు గూడా తెలీదమ్మా. అది నాకు ఇడిసిపెట్టు" అన్నాడు కొడుకు.

ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికి ఆయనకు తెలిసిన దారి ఒకటే. టూర్ ప్రోగ్రాం రాయడం. సంచిలో ఆఫీసు కాగితాలు తప్ప వేరే కాగితాలు లేవు. రక్షణ మంత్రి కార్యాలయం అని అచ్చువేసిన ఆ కాగితం మీద, అలవాటు కొద్దీ, పైన 'రహస్యం' అని రాసి కింద గీత కొట్టాడు. భద్రత కోసం ప్రయాణం చేసేవారి పేరు ఎక్కడా రాయకూడదన్నది వాళ్ళ ఆఫీసు పద్ధతి. అందుకని 'ప్రముఖ వ్యక్తి' అని రాశాడు. మంగళవారం ఉదయం ఆరూ పదికి ప్రముఖ వ్యక్తి ఆళ్ళగడ్డ నుంచి కారులో బయలుదేరుట. ఏడూ ముప్పై అయిదుకు నంద్యాల కంటి ఆసుపత్రి ప్రవేశము. పూలదండలు, బ్యాండు, ప్రసంగాలు ఉండరాదు. ప్రముఖ వ్యక్తికి కోపం ఎక్కువ.

అక్క మొగుడు, మిషన్ బడి అయ్యవారు దేవదానం అది చదివి నోరు వెళ్ళబెట్టాడు. "ఇదేందప్పా, అత్తను ఆసుపత్రికి తోలుకపోనీకి ఇంత రాతనా?"

"కాగితంలో లేనిది జరగదు బావా. మూడు కాపీలు టైపు కొట్టించు. డాక్టరుకొకటి, డ్రైవరుకొకటి, నాకొకటి."

బస్టాండు పక్కన సుంకన్న టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. కాగితం చూడగానే సుంకన్నకు చెమట పట్టింది. "సార్, ఎవురు సార్ వచ్చేది?" అని గుసగుసగా అడిగాడు. దేవదానానికి అత్త పెట్టిన షరతు గుర్తొచ్చింది. "చెప్పగూడదప్పా" అని పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. అంతే, వచ్చేది రక్షణ మంత్రేనని సుంకన్నకు ఇంక అనుమానమే లేకపోయింది. కార్బన్ కాగితం ఇంకొకటి ఎక్కువ పెట్టి, నాలుగో కాపీ చొక్కా లోపల దోపుకుని, తిన్నగా రిటైర్డ్ సుబేదార్ వీరన్న ఇంటికి పరిగెత్తాడు.

వీరన్న మాజీ సైనికుల సంఘానికి పెద్ద. ఇరవై ఎనిమిదేళ్ళు పటాలంలో ఉండి కూడా ఒక్క మంత్రిని దగ్గర నుంచి చూసిన పాపాన పోలేదు. కాగితం రెండుసార్లు చదివి పెట్టె మూత తీసి పతకాలకు చింతపండు పట్టించడం మొదలుపెట్టాడు.

"దండలు వద్దని రాసినారు గదన్నా?" అన్నాడు సుంకన్న.

"పెద్దోళ్ళు అట్లనే అంటారప్పా. తేకపోతే తెలుస్తాది."

"బ్యాండు గూడా వద్దని…"

"అయితే బ్యాండు గూడా చెప్పు."

సాయంత్రానికి దొర్నిపాడు, గోస్పాడు మాజీ సైనికులకు కబురు అందింది. లారీ మాట్లాడారు. రక్షణ మంత్రి గారికి స్వాగతం అని గుడ్డ మీద రాయించారు. స్వాగత గీతం పాడడానికి స్త్రీల కూటం వాళ్ళు, తమలో పాటలెత్తే శివమ్మ వెంట బయలుదేరుతామన్నారు. అయితే బ్రిగేడియర్ ఇంటి ఛాయలకు ఎవరూ పోరాదని వీరన్న గట్టి ఉత్తర్వు వేశాడు. రహస్యం కదా మరి! ఊరంతా గప్‌చుప్‌గా అరిచి చెప్పుకుంది. తెలియనిది ఆ ఒక్క ఇంటికే.

మంగళవారం కారు ఆరూ పదికి బయలుదేరి, సరిగ్గా ఏడూ ముప్పై అయిదుకు ఆసుపత్రి వీధి మలుపు తిరిగింది. బ్రిగేడియర్ గడియారం చూసుకుని మురిసిపోయాడు. తల ఎత్తి ముందుకు చూసేసరికి ఆ మురిపెం కాస్తా ఆవిరైపోయింది.

"ఏందిరా ఆ బ్యాండు?" అంది జీవమ్మ.

"పెండ్లి ఊరేగింపేమోలేమ్మా."

"ఆసుపత్రి కాడ పెండ్లా!"

కారు వెనక్కి తిప్పమని బ్రిగేడియర్ డ్రైవరు వీపు మీద పొడిచాడు గానీ వెనక లారీ అడ్డం పెట్టేశారు. ముప్పై మంది ముసలి సైనికులు రెండు వరుసల్లో నిలబడ్డారు. వీరన్న వచ్చి తలుపు తీసి, "సావధాన్!" అని కేకపెట్టి, రొమ్ము విరుచుకుని సెల్యూట్ కొట్టాడు. లోపలి నుంచి చంకలో బైబిలు పెట్టుకుని జీవమ్మ దిగింది.

బ్యాండు వాయిద్యాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. వీరన్న చెయ్యి మాత్రం నుదుటి దగ్గరే ఉంది. పై వాళ్ళు బదులు సెల్యూట్ ఇచ్చేదాకా చెయ్యి దించకూడదు. బ్రిగేడియర్ ఇద్దామంటే తల మీద టోపీ లేదు, టోపీ లేకుండా సెల్యూట్ కొట్టకూడదు. పార్లమెంటులో మంత్రిని ఎన్నో గండాలు దాటించిన మనిషికి ఆ క్షణాన ఏం చెయ్యాలో తోచలేదు. ఎదురుగా ఎవరో నిలబడ్డారన్న సంగతి జీవమ్మకు మసకగా తెలిసింది. చెయ్యెత్తి, "వందనాలయ్యా" అంది. హమ్మయ్య అనుకుని వీరన్న చెయ్యి దించాడు.

"సార్, మంత్రిగారు యాడ?"

"ఢిల్లీలో ఉండాడు. ఈమె మా అమ్మ. కండ్ల ఆపరేషను."

మాట చాలా మెల్లగానే అన్నాడు, కానీ అంత నిశ్శబ్దంలో అందరికీ వినబడింది. జీవమ్మ మొహం పాలిపోయింది. "మాట తప్పినావు గదరా నాయనా" అని కారు తలుపు కోసం తడుముకుంది. తల్లి చూపు తన చేజేతులా పోగొట్టానని కరుణాకర్‌కు కళ్ళు చెమ్మగిల్లాయి.

"యాడికి పోతాండావక్కా?" గుంపులోంచి శివమ్మ ముందుకొచ్చి చెయ్యి పట్టుకుంది. "మా కాడ దాచేదేముంది? రెండేండ్ల నుంచి బైబిలు తలకిందులు పట్టుకోని సదువుతాండావు. మాకు తెల్దా?"

జీవమ్మ శివమ్మ గొంతు వైపు తిరిగింది. "తెలిసీ చెప్పకపోతిరే?"

"చెప్తే సదివేది ఆపేస్తావని భయపడితిమి. అయినా పుస్తకంలో లేని మాటలు గూడా కలిపి చెప్తావు గదా, అవి ఇంగా బాగుంటాయి."

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. జీవమ్మకు నవ్వూ ఏడుపూ రెండూ కలిసే వచ్చాయి. "ఇంతమందిని పొద్దన్నే నిద్రలేపి ఎనక్కి పోతే ఏం బాగుంటాదిలే. పదండి" అంది. శివమ్మ వాళ్ళు స్వాగత గీతం ఎత్తుకున్నారు. వీరన్న దండ వేశాడు. మాజీ సైనికులకు నంద్యాలలో విశ్రాంతి గది కావాలన్న అర్జీ కూడా ఆమె చేతికే ఇచ్చాడు.

"అర్జీ నాకిస్తావు, మంత్రిని కాను గదప్పా?"

"మంత్రి ఈ సారు మాట ఇంటాడు. ఈ సారు నీ మాట ఇంటాడు. ఇంగ నీ మీద ఎవురుండారమ్మా?"

ఆమె కొడుకు వైపు తిరిగి, "ఇది చేయించల్ల, ఇనపడిందా?" అంది. "అట్లనేమ్మా" అన్నాడు బ్రిగేడియర్. రెండు వరుసల సైనికుల మధ్య నుంచి, ఆపరేషను గది తలుపు దాకా ఆమె ఎక్కడా ఆగకుండా నడిచింది.

ఏడో రోజు కట్టు విప్పి, డాక్టరు లావు కళ్ళద్దాలు పెట్టారు. జీవమ్మ ముందు గోడను చూసింది, తర్వాత కొడుకును చూసింది. చాలాసేపు చూసి అతని తల నిమిరింది.

"ఎంత నెరిసిపోయిందిరా తల! ఒక్కరూ చెప్పలేదే నాకు."

ఆ ఎండాకాలం ఆళ్ళగడ్డ చుట్టుపక్కల పదిహేడు మంది ముసలివాళ్ళు కంటి ఆపరేషనుకు ఒప్పుకున్నారు. అందరిదీ ఒకటే షరతు, సుబేదార్ వీరన్న వచ్చి సెల్యూట్ కొట్టాలి.