రిజిస్టరైన బ్రహ్మచారి

మలేసియాలోని ఇపో నగరవాసులకు తెలియజేయునది ఏమనగా, తివాకర్, శర్మిళ అను యువతీయువకులకు ఫిబ్రవరిలో చట్టప్రకారం వివాహమైంది. కనుక వారిద్దరూ పక్కపక్కన కూర్చోవడం ఆనాటి నుంచే నిషేధించబడింది.

కారణం సబబైనదే. సర్కారు ధ్రువపత్రం లేనిదే గుడిలో తాళి కట్టనివ్వరు. "ముందు పెళ్ళి చేసుకుని రండి, తరవాత పెళ్ళికి తేదీ ఇస్తాం" అని గుడి కార్యదర్శి గంభీరంగా సెలవిచ్చాడు. చేసుకుని వెళ్ళారు. మండపం వచ్చే జనవరి దాకా ఖాళీ లేదన్నాడు.

రిజిస్ట్రారు "ఈ క్షణం నుంచి మీరు భార్యాభర్తలు" అనగానే తివాకర్‌కు సంతోషం ఆగలేదు. భార్య చెయ్యి పట్టుకున్నాడు. చిన్నతల్లి అనే శర్మిళ పెద్దమ్మ వచ్చి ఆ చేతిని సున్నితంగా విడదీసి, మలేసియా అలవాటు కొద్దీ మాట చివర 'లా' తగిలించి చెప్పింది.

"అది గవర్మెంటు పెళ్ళి బాబూ, మనది కాదు లా. తాళి పడీదాకా నువ్వు పరాయోడివే."

ఆనాటి నుంచి ఆ మహాతల్లి ధర్మరక్షణలో ఒక్కపూట సెలవు తీసుకోలేదు. కాఫీకి వెళితే తనూ వచ్చింది. సినిమాకు వెళితే నడి కుర్చీలో కూర్చుంది. చిత్రం ఆమెకు బాగా నచ్చింది. పన్నుల శాఖవారు తివాకర్‌ను సంసారిగా గుర్తించారు, ఆఫీసువాళ్ళు గుర్తించారు, పెద్దమ్మ గుర్తించలేదు. ఒకనాడు అతను తెగించి ధ్రువపత్రం నకలు ఆమె ముందుపెట్టాడు.

"సూడండి పెద్దత్తా, శర్మిళ నా పెళ్ళామే కదా?"

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని సాంతం చూసింది. "సీలు బాగా పడినాది" అని మెచ్చుకుని తిరిగి ఇచ్చేసింది.

ఎట్టకేలకు జనవరి వచ్చింది. మేళం మోగింది, తాళి పడింది. తివాకర్ శర్మిళ చెయ్యి పట్టుకున్నాడు. ఎవరూ విడదీయలేదు! ఏడాదిగా బిగబట్టిన ఊపిరి వదిలి, నవ్వుకుంటూ, దంపతులిద్దరూ మొట్టమొదట పెద్దమ్మ కాళ్ళకే మొక్కారు.

ఆవిడ అక్షింతలు వేసి, శర్మిళను ఎగాదిగా చూసి, మండపమంతా వినబడేలా అడిగింది.

"ఏటమ్మా, రిజిస్టరయ్యి ఏడాదైపోనాది. ఇంకా విశేషం ఏటీ లేదేటి? మంచి డాక్టరుకి సూపించుకోండి లా!"

బంధుజనమంతా నిజమే నిజమేనంటూ తలలూపి, తివాకర్ వైపు జాలిగా చూశారు. పెళ్ళి వీడియోలో అందరి ముఖాలూ స్పష్టంగా పడ్డాయి. మూడో వరసలో తల ఊపుతున్నది మీరే.