దారి చూపినవాడు ఎవరి తాత?

"ఈ నగరంలో పిరికివాడు గానీ, ద్రోహి గానీ ఏ కాలంలోనూ పుట్టలేదనిన్నీ, ఇకముందు పుట్టబోడనిన్నీ ఇందుమూలంగా ఏకగ్రీవంగా తీర్మానించడమైనది!"

నైజీరియాలోని బెనిన్ నగర పూర్వీకుల గౌరవ పరిరక్షణ సంఘం ఈ తీర్మానం చేసిన మధ్యాహ్నం, అధ్యక్షులు చీఫ్ ఎగ్వావొయెన్ గారు మెడలోని పగడాల పేరు సవరించుకుని, సభ్యులందరికీ ఘాటైన మేకమాంసం చారు పోయించారు. మేకను కొన్నది మాత్రం ఒమొసెదె.

ఒమొసెదె ఓబా బజారులో బట్టల వ్యాపారి. ఆమెకు రెండు దుకాణాలుండేవి. ఒకటి అమ్మి, తమ్ముడు ఒసాజువా తీస్తున్న సినిమాలో పెట్టింది. తెల్లవాళ్ళ సైన్యం అడవిదారిన వచ్చి రాజ్యాన్ని తగలబెట్టి, ఇత్తడి తలలూ ఏనుగు దంతాలూ మూటగట్టుకుపోయిన కథ అది. బాధాకరమైన కథే. కానీ ఒమొసెదె లెక్కలో కన్నీరు కూడా సరుకే. కల్తీ లేకుండా అమ్మితే గిట్టుబాటవుతుంది.

ఇక్పోబా ఏటి అవతల ఎర్రమట్టితో కోట కట్టించారు. మట్టికోటకు ఎండ మిత్రుడు, వాన శత్రువు. ఆనాటి తెల్లవాళ్ళు బుద్ధిగా ఎండాకాలంలోనే దండెత్తారు. ఒసాజువా తెల్లవాళ్ళు మాత్రం మబ్బులు పడుతున్నా ఇంకా రాలేదు! రాకపోవడానికి వాళ్ళు కారణం కాదు. వాళ్ళకు దారి చూపించేవాడు లేడు.

కథలో ఒక మనిషున్నాడు. దాహంతో అల్లాడుతున్న సైన్యానికి నీటిగుంట చూపించి, అక్కణ్ణుంచి కోటకు అడ్డదారి చూపిస్తాడు. ఒసాజువా అతనికొక పేరు పెట్టాడు. పొద్దుగూకేలోగా ఆ పేరుగల వంశమంతా మోటారుసైకిళ్ళమీద దిగింది. పేరు మార్చాడు. కొత్త పేరు మాంసం కొట్లవాళ్ళ పెద్ద తాతదట, వాళ్ళ సంఘం కత్తులు కడుక్కోకుండానే వచ్చింది. విసిగిపోయి, పేరు కొట్టేసి "ఒక కుంటివాడు" అని రాశాడు. పక్కపేటలో ఎవరి ముత్తాతకో కాలు కుంటి అట!

కోటను కాపాడేవాళ్ళతో ఇంకో తంటా. తుపాకులు పేలుతున్నా ఎవడూ పడడు. "మా ఆవిడ చూస్తోంది సార్, నేను పడితే ఇంట్లో అన్నం పుట్టదు" అన్నాడొకడు. పడ్డవాడు కూడా చావడానికి తొందరపడక, పడుకునే ఉపన్యాసం ఇచ్చాడు.

సైన్యాధిపతి వేషం రొట్టెల కొట్టు నస్సీఫ్‌ది. లెబనాన్ మనిషి. రోడ్డు పని చేయించే ఇద్దరు చైనా ఇంజనీర్లు అతని సేనానులు. ముగ్గురూ చెట్టుకింద కూర్చుని, సీసాల్లో తియ్యటి మాల్టు పానీయం తాగుతూ ఎదురుచూస్తున్నారు.

"అక్కా, నా పిండి పొంగిపోతోంది. దండెత్తమంటే దండెత్తుతాను, లేదంటే పోయి పొయ్యి వెలిగించుకుంటాను" అన్నాడు నస్సీఫ్.

ఆ సాయంత్రం తొలివాన పడింది. చిన్న వానే. కోట ఈశాన్య మూల కరిగి, కూర్చున్న ముసలావిడలా కుంగింది. ఇంకొక్క వాన పడితే శత్రువు రాకుండానే రాజ్యం కూలుతుంది, దానికింద తన దుకాణం పడుతుంది అని ఒమొసెదె లెక్క వేసుకుంది. మర్నాడు పొద్దున్నే చీఫ్ గారి హాల్లో సోఫా అంచున కూర్చుంది.

"చీఫ్ గారూ, ఒక్క మనిషి. ఒకే ఒక్క చెడ్డ మనిషిని ఇప్పించండి."

"మన దగ్గర లేడమ్మా. తీర్మానం చూశావుగా?"

"మరి తెల్లవాళ్ళు కోటకెలా వస్తారండీ?"

"అడవిలో దారి తప్పమను."

"చరిత్రలో వచ్చారు కదండీ!"

"అది చరిత్ర చేసిన తప్పు మేడం. దాన్ని దిద్దడానికే కదా సినిమా తీసేది!" అని చీఫ్ గారు ఛాతీ తట్టుకున్నారు. "మా ముత్తాత ఇక్కడ గుండు దెబ్బ తిన్నాడు. గుండు వంగిపోయింది! అది పెట్టించావా?"

"పెట్టించానండీ. రెండుసార్లు వంగుతుంది."

బయటికొచ్చేసరికి ఒసాజువా ఫోన్లో ఎవరితోనో నీళ్ళు నములుతున్నాడు. లండన్ వాళ్ళట. సినిమా కొంటారట. మొదటి ఆట అక్కడే వేస్తారట. ఆనాటి సైన్యాధిపతి మునిమనవడు వేదికెక్కుతాడు కాబట్టి, దారి చూపినవాడి మునిమనవడు కూడా కుటుంబంతో వచ్చి చేయి కలిపితే బాగుంటుందట. వీసా, టికెట్లు, బస అన్నీ వాళ్ళవే.

"కుదరదని చెప్పేస్తున్నానక్కా. ఆ మాట బయటికొస్తే నన్ను తంతారు."

ఒమొసెదె ఫోను లాక్కుంది. "వస్తారండీ. తప్పకుండా వస్తారు. కుటుంబం అంటే ఎంతమందిదాకా పరవాలేదు?"

తరవాత ఆమె చేసిన పని ఏమీ లేదు. దుకాణం తెరిచి, అలసంద వడల్లాంటి అకరాలు వేయించే ఇరియాగ్బొన్సె దగ్గర వేడి అకరాలు కొంటూ, ఈ మాట ఎవరికీ చెప్పొద్దని ఆమెకు చెప్పింది.

తెల్లవారేసరికి కోట ముందు జనం! అందరి చేతుల్లోనూ పాస్‌పోర్టు ఫోటోలు.

"మా తాతే చూపించాడు మేడం! నీటిగుంట ఇప్పటికీ మా పెరట్లోనే ఉంది!"

"నీ పెరట్లో ఉన్నది బోరింగురా! మా తాత కుంటివాడు, ఊరంతా సాక్ష్యం!"

"కుంటివాడు అంత దూరం నడిచాడా?"

"తెల్లవాళ్ళు మోసుకెళ్ళార్రా! అంత మర్యాద!"

ఇంతలో చీఫ్ ఎగ్వావొయెన్ గారి కారు ఆగింది. జనం దారిచ్చారు. ఒమొసెదె వినయంగా వంగి, "మీ ముత్తాతకు గుండు తగిలింది కదండీ?" అని అడిగింది.

"అది మా నాన్నవైపు. దారి చూపించింది అమ్మమ్మవైపు" అన్నారు చీఫ్ గారు తొణక్కుండా. "అయినా దారి చూపించడం ద్రోహమా అమ్మా? అతిథి మర్యాద! రాత్రే తీర్మానం సవరించాం."

తగువు తేలే తగువు కాదు. ఆకాశం నల్లబడుతోంది. "అందరూ చూపించండి" అంది ఒమొసెదె. "ఎవరు ముందు నడిస్తే వాళ్ళ మొహం బాగా కనిపిస్తుంది."

ఒసాజువా కెమెరా తిప్పాడు. నస్సీఫ్ కత్తి దూశాడు. అతని ముందు దారి చూపేవాళ్ళే ఒక సైన్యమయ్యారు! ఒకణ్ణొకడు తోసుకుంటూ, "ఇటు దొరా, ఇటు!" అని అరుస్తూ పరుగెత్తారు.

"కోటమీద ఎవరున్నారక్కా?" అని ఒసాజువా కేక పెట్టాడు.

ఎవరూ లేరు. గుండు తగిలినా పడనన్న వీరులంతా ఈటెలు గోడకు ఆనించి, దిగి వచ్చి, దారి చూపిస్తున్నారు.

నస్సీఫ్ గేటు దగ్గర ఆగిపోయాడు. "అక్కా, ఎవరితో యుద్ధం చెయ్యను?"

అప్పుడే కుండపోతగా వాన దిగింది. ఎర్రకోట ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని, గోడ మీద గోడగా, నెత్తుటి రంగు బురదై కూలిపోయింది. కెమెరా అంతా పట్టుకుంది. అంత పెద్ద రాజ్యం అంత దిక్కులేకుండా పడిపోవడం చూసి చైనా ఇంజనీర్లలో చిన్నవాడు నిజంగానే ఏడ్చేశాడు.

"దక్కింది" అనుకుంది ఒమొసెదె. దుకాణం తిరిగి వస్తుంది.

తడిసిన పగడాలు ఛాతీకి అంటుకుని, చీఫ్ గారు బురదలో కాళ్ళీడ్చుకుంటూ ఆమె గొడుగు కిందికొచ్చారు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"మేడం, ఆ లండన్ వాళ్ళు రానూ పోనూ టికెట్ ఇస్తామన్నారట, నిజమేనా?"

"నిజమేనండీ."

"పాపం, తిరుగు టికెట్ డబ్బు వాళ్ళకెందుకు దండగ? వద్దని చెప్పండి."