డ్యాంప్ టవల్ కోసం వచ్చినవారు

మానవజాతి ఇంతవరకు కనిపెట్టిన ఎన్నికల విధానాలన్నిటిలోకీ ఉత్తమమైనది ఏ పార్లమెంటులోనూ లేదు. అది బ్రిస్బేన్‌లో, ఒక రైల్వే వంతెన పక్కన, ఒకప్పుడు బట్టలుతికే దుకాణంగా వెలిగి ఇప్పుడు సంగీతశాలగా మారిన 'వాంకీ ట్రాలీ' గుమ్మం దగ్గర ఉంది. (లోపల ఇప్పటికీ సబ్బు వాసన వస్తుంది. దాన్ని అక్కడివాళ్ళు 'యాంబియన్స్' అంటారు.)

విధానం సులభం. సొంతంగా పాటలు రాసుకుని, సొంతంగా వాయించుకుని, సొంతంగా నష్టపోయే చిన్న చిన్న బ్యాండ్లు అక్కడ సాయంత్రాలు వాయిస్తాయి. గుమ్మం దగ్గర ఎత్తు స్టూలు మీద షెల్ అనే ఆవిడ ట్యాబ్లెట్ పట్టుకుని కూర్చుంటుంది. ఆవిడ హోదా ప్రవేశానుభవ సమన్వయకర్త. లోపలికి వచ్చే ప్రతి మనిషినీ ఒకే ప్రశ్న అడుగుతుంది: "ఎవరి కోసం వచ్చారు?" చెప్పిన పేరు ట్యాబ్లెట్‌లో నొక్కుతుంది. ఎక్కువమంది ఎవరి పేరు చెబితే వాళ్ళు 'రాబోయే కార్యక్రమాలు' బోర్డు మీద పై వరుసకు ఎక్కుతారు. ఎవరూ పేరెత్తని బ్యాండును మళ్ళీ పిలవరు. బంధువుల మాట లెక్కలోకి రాదు. అంతే.

ఈ నిబంధనలను మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివిన ఏకైక మానవుడు ద్వారకానాథ్. స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ అనే చెరువుగట్టు పేటలో, తెలుగువాళ్ళ మధ్య ఉంటాడు. బ్యాంకులో కంప్లయన్స్ విభాగం, అంటే ఇతరులు చదవకుండా సంతకం పెట్టేవాటిని చదివే ఉద్యోగం. కూతురు తన్మయి యూనివర్సిటీలో చదువుతూ ఇద్దరు స్నేహితులతో బ్యాండ్ పెట్టింది. వాళ్ళకి వాంకీ ట్రాలీలో మొదటి అవకాశం వచ్చింది. జనం వాళ్ళ పేరు చెప్పకపోతే అదే ఆఖరిది కూడా.

"బంధువులు చెల్లరట," అన్నాడు ద్వారకానాథ్, సోఫాలోంచి లేచి. "మనకి ఈ దేశంలో ఒక్క బంధువు కూడా లేడు! ఇన్నాళ్ళూ లోటనుకున్నాను గానీ, ఇది క్వాలిఫికేషనే!"

"నాన్నా, ఇట్స్ సింపుల్," అంది తన్మయి. "గుమ్మం దగ్గర పీపుల్ షుడ్ సే డ్యాంప్ టవల్. దట్స్ ఆల్."

చిక్కంతా అక్కడే ఉంది. బ్యాండ్ పేరు డ్యాంప్ టవల్. "మంచం మీద తడి తువాలు ఎవరేశారు?" అని ఆ ఇంట్లో ప్రతి ఉదయం మోగే సుప్రభాతంలోంచి పుట్టిన పేరు.

"నా తిట్టుకి రాయల్టీ ఇవ్వాలమ్మా నువ్వు," అంది తల్లి జ్ఞానప్రసూన వంటగదిలోంచి.

ద్వారకానాథ్‌కి మాత్రం ఆ పేరు నోటికి రాలేదు. అతను తెలుగు సంఘంలో మర్యాదస్తుడు. డాక్టర్లూ ప్రొఫెసర్లూ ఉన్న వాట్సాప్ గ్రూపులో తడి తువాలుకు రండి అని ఎలా రాస్తాడు? అందుకని ఇలా రాశాడు: 'చి. తన్మయి సంగీత కార్యక్రమం. ఆహ్వానించువారు: ద్వారకానాథ్, జ్ఞానప్రసూన.' పేర్లు పెద్ద అక్షరాల్లో, చుట్టూ మామిడాకుల బొమ్మ. టైము మాత్రం అసలు దానికన్నా గంటన్నర ముందుకు వేశాడు. అందువల్ల అందరూ సరిగ్గా వేళకి వచ్చారు.

అందరూ అంటే అందరూ. వాంకీ ట్రాలీ చరిత్రలో అంత క్యూ ఎన్నడూ లేదు. పట్టుచీరలు, మడత కుర్చీలు (లోపల కుర్చీలుండవని ఎవరో హెచ్చరించారు), ఒక అల్యూమినియం ట్రే నిండా పులిహోర. ద్వారకానాథ్ కారు పార్కింగులో నిలబడి, విమానాలు దింపేవాడిలా రెండు చేతులూ ఊపుతూ కార్లను సర్దుతున్నాడు. ఆ ఆనందంలో గుమ్మం దగ్గర ఏం జరుగుతోందో చూసుకోలేదు.

గుమ్మం దగ్గర ప్రజాస్వామ్యం జరుగుతోంది.

"ఎవరి కోసం వచ్చారు?" అంది షెల్.

"ద్వారకానాథ్ గారి కోసం," అన్నాడు డాక్టర్ శ్రీపతి.

ఇందులో తప్పేముంది? మనవాళ్ళు పెళ్ళికి వెళ్ళేది పెళ్ళికొడుకు కోసమా? పిలిచినవాడి కోసం. పిలిచినవాడి మొహం చూసి వెళ్తారు, అతని మొహం చూసి తింటారు, వెళ్ళేటప్పుడు అతనికి కనిపించి వెళ్తారు. వేదిక మీద ఎవరున్నారన్నది కేటరింగ్ తర్వాతి విషయం.

షెల్ ట్యాబ్లెట్‌లో వెతికింది. ఆ పేరుతో బ్యాండ్ లేదు. యాప్ వెంటనే తెలివి చూపించి, 'కొత్త కళాకారుడు గుర్తించబడ్డాడు' అని ఆకుపచ్చ దీపం వెలిగించింది. ఇక ఆగలేదు. వచ్చినవాళ్ళంతా ద్వారకానాథ్ అన్నారు. సత్యభామ ఆంటీ అయితే షెల్ భుజం మీదుగా వంగి, "డి తర్వాత డబ్ల్యూ అమ్మా," అని స్పెల్లింగ్ కూడా దిద్దింది.

అందరికన్నా చివర ద్వారకానాథ్ వచ్చాడు.

"ఎవరి కోసం?"

నోరు తెరిచాడు. వెనక్కి చూశాడు. మర్చిపోయిన శాలువా కోసం సత్యభామ ఆంటీ కారు దాకా వెళ్ళి, సరిగ్గా అతని వెనకాలే వస్తోంది.

"మై డాటర్," అన్నాడు గొంతు తగ్గించి.

యాప్ ఇంకో కొత్త కళాకారిణిని గుర్తించింది.

లోపల డ్యాంప్ టవల్ అదరగొట్టింది. తన్మయి గిటారు మీద అలా వంగి, చెవులు చిల్లులు పడేలా పాడుతుంటే శ్రీపతి మడత కుర్చీలోంచి లేచి తాళం వేశాడు. ఏ రాగమో ఎవరికీ తెలియలేదు. అందరూ మోహనమని సరిపెట్టుకున్నారు.

మర్నాడు వాంకీ ట్రాలీ నుంచి ఈమెయిల్ వచ్చింది. రాబోయే కార్యక్రమాల పరిపాలనాధికారి డీన్ (బారులో గ్లాసులు కడిగేదీ ఇతనే) సంతోషంతో తెలియజేయునది ఏమనగా, వచ్చే నెల ప్రధాన కళాకారుడు: ద్వారకానాథ్. ప్రత్యేక అతిథి: మై డాటర్ (సంప్రదించడానికి వీలు చిక్కలేదు). డ్యాంప్ టవల్ కోసం ఎవరూ రానందున వారికి మా శుభాకాంక్షలు.

"నాన్నా," అంది తన్మయి. "యూ బీట్ మై బ్యాండ్. యూ డోంట్ ఈవెన్ హావ్ ఎ బ్యాండ్."

ద్వారకానాథ్ డీన్‌కి ఫోన్ చేశాడు. తను పాడడనీ వాయించడనీ చెప్పాడు. డీన్ మురిసిపోయాడు. "వాయించని సంగీతమా? అలాంటిదాని కోసమే వెతుకుతున్నాం మేట్!" తప్పుకోవచ్చునట, కానీ అప్పుడు ఆ సాయంత్రమే రద్దవుతుందట. అయితే ప్రధాన కళాకారుడికి తన ముందు వాయించే బ్యాండును ఎంచుకునే హక్కు ఉంటుందట.

ద్వారకానాథ్ ఫోన్ చేత్తో మూసి కూతురి వైపు చూశాడు. కూతురు పైకప్పు వైపు చూసింది.

"డ్యాంప్ టవల్," అన్నాడు ఫోన్‌లో. జీవితంలో మొదటిసారి.

"ఏమండీ, మీరు స్టేజీ మీద ఏం చేస్తారు?" అంది జ్ఞానప్రసూన.

"నాకు వచ్చింది ఒక్కటేగా ప్రసూనా."

నిజమే. తెలుగు సంఘంలో వందన సమర్పణ ఎప్పుడూ ద్వారకానాథ్‌దే. 'భోజనాలు సిద్ధం' అన్న ప్రకటన తర్వాత, హాలంతా ప్లేట్ల వైపు పరుగెత్తాక, ఖాళీ కుర్చీలకూ చీపురు పట్టుకున్న కేర్‌టేకర్‌కూ కృతజ్ఞతలు చెప్పే పదవి అది. ఇన్నేళ్ళలో అతని ప్రసంగం చివరిదాకా విన్నవాడు ఆ కేర్‌టేకరే. (అతనికి తెలుగు రాదు.)

ఈసారి ద్వారకానాథ్ పొరపాటుకు తావివ్వలేదు. గ్రూపులో ఘంటాపథంగా రాశాడు: 'గుమ్మం దగ్గర అందరూ డ్యాంప్ టవల్ అనవలెను. నా పేరు ఎత్తరాదు.' సాయంత్రం చెరువు చుట్టూ నడిచేటప్పుడు సాధన చేయించాడు. శ్రీపతి ఎదురైతే, "ఎవరి కోసం వచ్చారు?" అనేవాడు.

"తడి తువాలు!"

"ఇంగ్లీషులో డాక్టర్ గారూ, ఇంగ్లీషులో!"

ఆ రోజు రానే వచ్చింది. షెల్ అడిగింది. స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ ఒక్క గొంతుతో డ్యాంప్ టవల్ అంది. సత్యభామ ఆంటీ, "డ్యాంప్‌లో చివర పి ఉందమ్మా," అంది. ద్వారకానాథ్ కూడా అందరూ వింటుండగా, ఛాతీ విరుచుకుని అదే అన్నాడు. అతనికి ఒళ్ళంతా గాల్లో తేలినట్టుంది.

తన్మయి బ్యాండ్ ముందు వాయించింది. మొదటిసారి కన్నా బాగా. ఆ తర్వాత దీపాలు ఆరి, ద్వారకానాథ్ ఒక్కడి మీద వెలుగు పడింది.

గొంతు సవరించుకుని ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. ముందుగా ఈ వేదికను ఇచ్చిన యాజమాన్యానికి. గుమ్మం దగ్గర ఓపికగా కూర్చున్న షెల్‌కి. కార్లు ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టిన పెద్దలకి. మంట రాకపోయినా సిద్ధంగా వేలాడుతున్న అగ్నిమాపక యంత్రానికి. రైలు ఆలస్యంగా నడిపి నిశ్శబ్దం కలిగించిన రైల్వేవారికి. బోర్డు మీద పేరు చూసి వచ్చిన గడ్డాల కుర్రాళ్ళు ఒక్కో కృతజ్ఞతకూ ఊగిపోయారు. సౌండ్ చూసే అతనికి పేరు పెట్టి ధన్యవాదాలు చెప్పేసరికి అతను మీటల మీద తలవాల్చి ఏడ్చాడు. ఇన్నేళ్ళ వృత్తిలో ఎవరూ చెప్పలేదట.

"చివరగా," అన్నాడు ద్వారకానాథ్, "మంచం మీద తడి తువాలు వేసిన మా అమ్మాయికి."

చప్పట్లకి హాలు పైకప్పు లేచిపోయింది. తన్మయి చప్పట్లు కొట్టలేదు. మొహం చేతుల్లో దాచుకుని నవ్వుతోంది. ఆ నవ్వు చూసి ద్వారకానాథ్ ఇంకో చుట్టు కృతజ్ఞతలు చెప్పాడు. ఆశ్చర్యం ఏమంటే, ఒక్కరూ భోజనానికి లేవలేదు.

మర్నాడు ఈమెయిల్ వచ్చింది. ముగ్గురూ ఒకే ఫోన్ మీద వంగి చదివారు.

'వచ్చే నెల ప్రధాన కళాకారుడు: ద్వారకానాథ్ (స్థానిక అభిమానుల కోరికపై). డ్యాంప్ టవల్ కోసం రికార్డు స్థాయిలో జనం వచ్చినట్టు గుర్తించాం. అయితే వారంతా ఒకరినొకరు అంకుల్, ఆంటీ అని పిలుచుకోవడం మా సిబ్బంది స్వయంగా విన్నారు. గాయని సైతం వారందరినీ అలాగే పిలిచింది. కావున ఒకే కుటుంబంగా నిర్ధారించి, ఆ సంఖ్యను రద్దు చేశాం. బంధువుల సహాయంతో ముందుకు వచ్చిన బ్యాండుకు ఏ వరుసలోనూ చోటు లేదు. ఇంత పెద్ద కుటుంబం ఉన్నందుకు మా అభినందనలు.'

"మనకి బంధువులే లేరన్నారుగా?" అంది జ్ఞానప్రసూన.

"పొద్దున్న దాకా లేరు," అన్నాడు ద్వారకానాథ్.

అప్పీలుకు అవకాశం ఉంది. గాయని ఎన్నడూ అంకుల్ అని గానీ ఆంటీ అని గానీ పిలవని ఒక తెలుగు శ్రోత సాక్షిగా సంతకం చెయ్యాలి. ద్వారకానాథ్ చెరువు చుట్టూ తిరిగాడు, గ్రూపంతా గాలించాడు, పక్క సబర్బులో కూడా విచారించాడు. అర్హత ఉన్నవాడు ఒక్కడే తేలాడు. అతన్ని తన్మయి నాన్నా అంటుంది.