అంకెలతో మోగే చర్చి గంట

అరవై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని. ఒత్తులు తప్పినా, మాట నిదానంగా సాగినా మన్నించండి. విషయం మాత్రం ముందే చెప్పేస్తాను: చర్చికి ఇత్తడి గంట అనవసరం!

ఆళ్లగడ్డలో మా చర్చి గంట తాడు, మా ఆయన పోయినప్పటి నుంచి నేనే లాగేదాన్ని. ఈ ఏడు సంఘ పెద్ద సాల్మన్ రాజు గారు గంటను దింపించి సామాన్ల గదిలో పెట్టించారు. దాని బదులు ఒక సెల్‌ఫోను, ఒక స్పీకరు వచ్చాయి. ముసలామెకు విశ్రాంతి అన్నారు. ఎంత దయ!

ఆ ఫోనులో గంటను తయారుచేసింది నంద్యాలలో కంప్యూటరు పని చేసే మా చెల్లెలి మనవరాలు సౌజన్య. అది రికార్డింగు కాదట. సెకనుకు నలభై నాలుగు వేల అంకెలు పేర్చి ఇస్తే, బ్రౌజరు వాటిని చదివి శబ్దం చేస్తుందట. నేనూ నూరు దాకా అంకెలు నేర్చుకుని రోజూ అప్పజెప్పాను. ఒక్కటైనా మోగిందా?

మొదటి ఆదివారం ఆరాధన వేళ దాటినా ఫోను నోరు విప్పలేదు. పెద్దాయన కంగారుగా నంద్యాలకు ఫోను చేశారు.

"మనిషి వేలు తగిలితేనే అది పలికేది తాతా. దానంతట అది యాడ మోగుతాది?" అంది సౌజన్య.

ఆదివారం జనాన్ని లేపే గంట తెల్లవారకముందే మోగాలి. అప్పుడు వచ్చి తాకేదెవరు? పెద్దలంతా నేల చూశారు. సాల్మన్ రాజు గారు నన్ను చూశారు.

"నువ్వే వచ్చి తాకు లూదియమ్మా. ఇంట్లో ఊరికే కూర్చోని ఏం చేస్తాండావ్?"

అలా నా విశ్రాంతి ఒక్క పూటతో ముగిసింది.

ఇత్తడికి ఒకటే గొంతు. దీనికి ఎన్నో! ఒకసారి పెద్దాయన ఏదో నొక్కి అంకెలను నిదానంగా చదివించారు. గంట దూడను వెతికే ఎనుములా అరిచింది. మరోసారి గబగబా చదివించారు. కుక్కరులా ఈల వేసింది. వీధిలో ఆడవాళ్లంతా స్టవ్వు ఆపడానికి పరుగెత్తారు. ఎవరింట్లోనూ పప్పు మాడలేదు. ఇత్తడి ఏనాడైనా ఇంత మేలు చేసిందా?

పైగా స్పీకరు గొంతు వీధి మలుపు దాటదు. చేల దగ్గరుండే కృపావతి ఇప్పుడు వాక్యం చెప్పడం అయిపోయాక వస్తోంది. గంట వినపడలేదంటుంది. పాపం, కంటినిండా నిద్రపోతోంది.

ఇంత గొప్ప గంట ఉండగా ఆ ఇత్తడిది గదిలో చోటు దండగ కదా! పెద్దలారా, దాన్ని మా ఇంటికి పంపించండి. వాకిట్లో దూలానికి కట్టుకుంటాను. ఆదివారం రెండూ మోగిద్దాం. జనం దేనికి లేస్తారో చూద్దాం. ఫోను తాకే వేలు మాత్రం మీరే వెతుక్కోవాలి. నా రెండు చేతులూ తాడు మీద ఉంటాయి.

— కె. లూదియా, వయసు డెబ్బై ఒకటి, చర్చి వెనక వీధి, ఆళ్లగడ్డ