సెవెరినో ముఖం ఎర్రబడిన ఆదివారం

ఆ ఆదివారం ఉదయం సెవెరినో పెట్టుకున్న పనులు చాలా చిన్నవి. గడ్డం గీసుకోవాలి. ఉతికిన చొక్కా తొడుక్కోవాలి. బడికి వెళ్లి పోలింగు బల్ల వెనక కూర్చోవాలి. భార్య బాసిలియా ఓటు వేయడానికి వచ్చినప్పుడు ఆమెకు తన ముఖం చూపించాలి.

చివరిదే అసలు పని. అతని తాగుడు పడలేక బాసిలియా వంటగిన్నెలు మూట గట్టుకుని పై ఊరిలోని పుట్టింటికి వెళ్లిపోయింది. ఓటు వేయకపోతే జరిమానా కాబట్టి ఎన్నికల నాడు దిగి రాక తప్పదు. "ఆ రోజు నీ ముఖం చూస్తా. గిన్నెలు తెచ్చుకోవాలో అక్కడే ఉంచాలో అప్పుడు తేల్చుకుంటా" అని చెప్పి మరీ వెళ్లింది.

అప్పటినుంచి సెవెరినో మొక్కజొన్న కల్లు ముట్టలేదు. రోజూ ఆరోగ్య కేంద్రానికి వెళ్లి నర్సు ఎదుట ఒక మాత్ర మింగుతున్నాడు. ఆ మాత్ర ఒంట్లో ఉండగా సారా తగిలితే ముఖం కందిపోతుంది, గుండె డప్పులా మోగుతుంది, కడుపులో తిప్పుతుంది. "తాగకూడదు, దగ్గుమందు వద్దు, ఒంటికి అత్తరు కూడా పూసుకోవద్దు" అని డాక్టరు మొదటిరోజే చెప్పాడు. సెవెరినో "తాగకూడదు" వరకూ శ్రద్ధగా విన్నాడు. కష్టమంతా అక్కడే ఉంది కాబట్టి మిగతాది వినలేదు.

పైగా ఎన్నికల కోసం దేశమంతటా మద్యం అమ్మకం ఆపేశారు. కల్లు ఇళ్ల ముందు, కల్లు దొరుకుతుందని గుర్తుగా కర్రలకు కట్టే ఎర్రగుడ్డలు శనివారమే దిగిపోయాయి. దాచిపెట్టిన కల్లు కుండల్ని హవల్దారు లూపెర్సియో ఇల్లిల్లూ తిరిగి పట్టుకుని ఠాణాకు చేర్చాడు. ఓటర్ల పేర్లతో తీసిన లాటరీలో పోలింగు బల్లకు అధ్యక్షుడయ్యే యోగం సెవెరినోకు పట్టింది. ఇటు మాత్ర, అటు చట్టం కాపలా కాస్తుంటే ఇక తనను చెడగొట్టేవాళ్లు లేరని అతని ధైర్యం.

గడ్డం గీసుకుంటుంటే చెంప తెగింది. సీసాలోంచి ఫ్లోరిడా నీళ్లు అనే అత్తరు దోసెడు ఒంపుకుని ముఖానికీ మెడకీ రాసుకున్నాడు. ఆ కొండల్లో ఆ సీసా లేని ఇల్లు లేదు. తలనొప్పికి అదే, దిష్టికి అదే, బస్సులో కళ్లు తిరిగితే అదే. అందులో సగానికి పైగా సారాయేనన్న సంగతి ఎవరికీ తట్టదు.

బడికి చేరేసరికి చెంపలు మండుతున్నాయి. పక్క కుర్చీలో రొట్టెల ఎడెల్మిరా అప్పటికే కూర్చుని ఉంది.

"ఏం తమ్ముడూ, ముఖం అలా ఉంది?"

"ఎండక్కా."

"ఏడింటికి ఎండేమిట్రా? కళ్లు తిరుగుతున్నట్టున్నాయి. ఉండు." ఆమె సంచిలోంచి ఫ్లోరిడా నీళ్ల సీసా తీసి అతని నుదుటికీ కణతలకీ పట్టించి, అరచేయి ముక్కు దగ్గర పెట్టింది. "పీల్చు. పిరికివాడిలా కాదు, గట్టిగా."

సెవెరినో గట్టిగా పీల్చాడు. ఎరుపు చెవులకు పాకింది.

"నుదుటికి రాస్తే ఏం లాభం? గుండెల మీద రుద్దాలి" అంటూ వరసలోంచి ఒక ముసలామె ముందుకొచ్చి అతని చొక్కా గుండీలు విప్పింది. ఇంకొకామె తడిపిన రుమాలు తెచ్చి మెడకు చుట్టింది. మందు పెరిగినకొద్దీ రోగం పెరిగింది. రోగం పెరిగినకొద్దీ సంచుల్లోంచి సీసాలు బయటికొచ్చాయి.

"తాగొచ్చాడు" అన్నాడు వరసలో ఒకడు.

"కాదు, పెళ్లాం వస్తోందని సిగ్గు."

"సిగ్గు ఇంత వాసన వేస్తుందా?"

హవల్దారు లూపెర్సియో గుండెల మీద చేయి వేసుకుని మెల్లగా వచ్చాడు. "అమ్మలారా, దయచేసి దారి ఇవ్వండి. సెవెరినో గారూ, మన్నించాలి. నిషేధం రోజున అధ్యక్షులవారే తాగి వస్తే చట్టం మనసు నొచ్చుకుంటుంది. తమరు ఠాణాకు దయచేయాలి."

మామూలు రోజుల్లో ఈలతో తప్ప మాట్లాడని మనిషి. ఎన్నికలకు శిక్షణ ఇచ్చి ఉంటారని జనం అనుకున్నారు.

"నేను తాగలేదు" అన్నాడు సెవెరినో, బల్ల పట్టుకుని లేస్తూ. సరిగ్గా అప్పుడే గుమ్మంలో బాసిలియా టోపీ కనిపించింది.

వరస రెండుగా చీలింది. ఆమె నడిచి వచ్చి అతని ముఖం చూసింది. అది మిరపపండులా ఉంది. గుండీలు ఊడి ఉన్నాయి. బాసిలియా పెదవులు బిగుసుకున్నాయి.

"నేనెవర్ని?" అని అడిగింది.

"ఎవరేమిటి? పొద్దున్నే వస్తావనుకుంటే తీరిగ్గా ఇప్పుడా దిగేది? ఊరంతా నా పరువు తీశాక వచ్చి పొడుపుకథలు వేస్తావేం? అడ్డం జరుగు, గాలాడక చస్తున్నా. ఆ ముసలాళ్లను అవతలికి పొమ్మను."

బాసిలియా పెదవులు వదులయ్యాయి. "ఈయన తాగలేదు" అంది హవల్దారుతో.

"వాసన వస్తోంది కదా, తల్లీ."

"రానివ్వండి. తాగితే ఈయన నన్ను 'మీరు' అంటాడు. దేవీ అంటాడు, రాణీ అంటాడు, క్షమించమని ఏడుస్తాడు. ఇంత మర్యాద లేకుండా కసిరాడంటే ఒంట్లో చుక్క లేనట్టే."

వరసలోని ఆడవాళ్లంతా తలూపారు. ఇంతకన్నా సాక్ష్యం వాళ్లకు అక్కర్లేదు. ఓటుకు వచ్చిన ఆరోగ్య కేంద్రం నర్సు జరిగిందంతా విని, ముందు సీసాలన్నీ మూయించింది. పంపు దగ్గర అతన్ని సబ్బుతో కడిగించి, నీడన కూర్చోబెట్టి నాడి పట్టుకుంది. కాసేపటికి సెవెరినో తన రంగుకు వచ్చాడు.

"గిన్నెలూ..." అన్నాడు నేల చూస్తూ.

"బరువు. నువ్వే వచ్చి మొయ్యాలి. రేపట్నుంచి ఆ మాత్ర నా ఎదురుగా మింగు."

హవల్దారు కళ్లు చెమ్మగిల్లాయి. "తప్పు నాదే, క్షమించండి. మీ దంపతులు కలకాలం చల్లగా ఉండాలి" అంటూ చేతులు జోడించాడు.

వరస చివర్న నిలబడిన అతని భార్య ఇలారియా శాలువా బిగించుకుని నెమ్మదిగా ముందుకు వచ్చింది.

"లూపెర్సియో, నిన్న పట్టుకున్న కల్లు కుండలు ఠాణాలో భద్రంగా ఉన్నాయా?"

"ఎంతో భద్రంగా ఉన్నాయి, దేవీ" అన్నాడు హవల్దారు.

ఆ రోజు మిగిలిన పూటంతా ఆ ఊళ్లో ఏ మొగుడూ పెళ్లాంతో మర్యాదగా మాట్లాడే సాహసం చేయలేదు.