ఇన్‌స్పెక్టరు గారి తొంభై ఏడు

ఆరు నుంచి ఏడు వరకు సాధన, ఏడున్నరకు స్నానం, తొమ్మిదికి ఆఫీసు. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు సోమవారం ఉదయమే తన వారాన్ని ఇలా కొలిచి పెట్టుకున్నాడు. సాధన చేయవలసినది ఒక వీడియో గేమ్. పాట మొదలుకాగానే తెర మీద రంగు చుక్కలు జారిపడతాయి. చుక్క అడుగు గీతను తాకిన క్షణాన ఎదుటి డ్రమ్ము పలక మీద పుల్ల పడాలి. క్షణం ముందు పడినా తప్పే, వెనుక పడినా తప్పే. ఆదివారం పోటీకి వెళ్ళే ముగ్గురు మిత్రుల జట్టులో ఆయనొక్కడికే నూటికి నలభై మూడు దాటడం లేదు. శనివారానికి ఎనభై రాకపోతే ఆ చోటు తన బావమరిదికి ఇచ్చేస్తానని, వాద్యాల మరమ్మతు కొట్టు నడిపే కెప్టెన్ మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఆ ఇద్దరూ తప్ప వేరే స్నేహితులు లేని మనిషికి అది ఉద్యోగం ఊడడం కంటే పెద్ద మాట.

ఆ ఉదయం నలభై మూడు వచ్చింది. భార్య పళ్ళ డాక్టరు దగ్గర పనికి వెళ్ళింది. మోకాలి వైద్యం కోసం నెల రోజులుగా ఉంటున్న అత్తగారు, అల్లుడు ఇంట్లో ఉన్నంతసేపూ మర్యాద కొద్దీ గది దాటి రాదు. ఆయన బజారులో మూడు తక్కెళ్ళను అనుమానించి, రెండింటిని పట్టుకుని, సాయంత్రం ఇంటికి వచ్చి తెర వెలిగిస్తే, జట్టు ముగ్గురికీ కనిపించే మార్కుల పట్టికలో తన పేరు పక్కన తొంభై ఏడు ఉంది.

ఇంతలో కెప్టెన్ ఫోను. "ఏరా, తొంభై ఏడా? ఇన్నాళ్ళూ మమ్మల్ని ఆటపట్టించావన్నమాట."

నిజం చెప్పాలనే నోరు తెరిచాడు. "ఏదో, కాస్త కుదిరిందిరా," అన్న మాట బయటకు వచ్చింది.

మంగళవారం తొంభై ఎనిమిది. ఆఫీసు గుమాస్తా ఆ రోజు రెండుసార్లు నమస్కారం పెట్టాడని గుర్తొచ్చి, వాడి మీద అనుమానంతో బుధవారం పాస్‌వర్డు మార్చాడు. ఫలితం తొంభై తొమ్మిది. గురువారం భార్య కూనిరాగం తీస్తుంటే ఆయన మనసు కీడు శంకించింది. మార్కు నమోదైన పగలు పదింటికి ఎక్కడున్నావని అడిగాడు.

"ఎవరి పన్నో పట్టుకుని ఉన్నాను. మీకూ ఒకటి పీకాలా?" అంది ఆవిడ.

ఇక మిగిలింది కెప్టెన్. తన పేరుతో వాడే ఆడి, పదిమందిలో పరువు తీయాలని చూస్తున్నాడేమో. ఆ ఆలోచన ముగియకముందే కెప్టెన్ మళ్ళీ ఫోను చేసి, పోటీలోకెల్లా కష్టమైన పాటను ఆయనొక్కడే ఆడతాడని నిర్వాహకులకు రాసిచ్చేశానని సంతోషంగా చెప్పాడు.

శుక్రవారమంతా ఆలోచించి ఒక నిశ్చయానికి వచ్చాడు. మోసగాడిగా దొరికిపోవడం కంటే మోసపోయినవాడిగా కనబడడం మేలు. ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఇద్దరు సాక్షులు లేకుండా ఆయన ఒక్క తూకపు రాయినీ స్వాధీనం చేసుకోలేదు. అందుచేత, తన పేరుతో ఎవడో దొంగాట ఆడుతున్నాడని కెప్టెన్‌కూ, జట్టులో మూడోవాడైన ఫోటోగ్రాఫరుకూ కబురు పెట్టాడు.

శనివారం ఆఫీసుకు వెళ్తున్నానని చెప్పి బయలుదేరిన మనిషి మెట్ల మీదే ఆగాడు. మిత్రులిద్దరూ వచ్చి పక్కన నిలబడ్డారు. పదింటికి లోపల పాట మొదలైంది. దానితో కలిసి దెబ్బలు, ఒక్కటీ తొణకకుండా, ఒక్కటీ తడబడకుండా. కెప్టెన్ కళ్ళు మూసుకుని తల ఊపసాగాడు. ఇన్‌స్పెక్టరు తాళం తీసి తలుపు తోశాడు.

నొప్పి మోకాలిని పీట మీద చాపుకుని, రెండు పుల్లలతో, అత్తగారు.

"మీరా, అత్తయ్యగారూ?"

ఆవిడ పుల్లలు కింద పెట్టి కొంగు సర్దుకుంది. "ఏమీ అనుకోకండి, అల్లుడుగారూ. పొద్దున్నే మీరు వాయిస్తుంటే ఆ గదిలో నాకు ప్రాణం పోయినంత పనవుతోంది. లయ తప్పుతోందని అల్లుడితో ఎలా అంటాను? తెర వెలిగిస్తే ఆట మీ పేరుతోనే తెరుచుకుంటోంది, అందుకే మీరు వెళ్ళాక కాస్త సరిచేసి పెడుతున్నా."

ఆవిడ ముప్పయ్యేళ్ళు బడిలో టీచరని ఆయనకు తెలుసు. ఏం నేర్పేదో ఏడేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

"రేపు మీకేమైనా పనుందా, అమ్మా?" అన్నాడు కెప్టెన్.

అల్లుడి చోటు లాక్కోవడం తన వల్ల కాదంది ఆవిడ. వారమంతా తమకు అబద్ధం చెప్పినవాడికి చోటే లేదన్నాడు ఫోటోగ్రాఫరు. ఇన్‌స్పెక్టరు నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. ఆ ముఖం చూసి అత్తగారు ఒక షరతు పెట్టింది: రేపటికి మాత్రం తాను ఆడుతుంది, ఆ తరువాత నెల రోజుల్లో లయ నేర్పి అల్లుడిని జట్టుకు అప్పగిస్తుంది, అప్పటిదాకా ఆ చోటు మరొకరికి ఇవ్వకూడదు. బావమరిది మాట కెప్టెన్ అక్కడే మరిచిపోయాడు. ఇన్‌స్పెక్టరు చేతులు జోడించాడు.

ఆదివారం జట్టుకు మొదటి బహుమతి వచ్చింది. సోమవారం ఆరింటికి అత్తగారు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. మొదటి చుక్కకు అల్లుడి పుల్ల పడింది.

"ఎందుకా తొందర? బస్సేమైనా వెళ్ళిపోతోందా?"

రెండో చుక్కకు ఆయన ఆచితూచి కొట్టాడు.

"ఇప్పుడు నిజంగానే వెళ్ళిపోయింది."

అల్లుడిగా ఏడేళ్ళు దక్కిన మర్యాద, శిష్యుడిగా ఏడు నిమిషాలు నిలవలేదు.